నారయు, పాలియెస్టరును: వాని పొందిక

మొన్న ఒక విద్యార్థి తండ్రి నన్ను కలిసికొని, “అయ్యవారూ! మావాడు సైన్సును తెలుగులో చదువుచున్నాడు. రేపు కాలేజీకి పోయిన పిమ్మట ఈ తెలుగు మాటలు వానికేమి అక్కఱకు వచ్చును?” అని అడిగెను. ప్రశ్న న్యాయమైనదే. దానికి వాదముతో గాక ఒక పాఠముతో బదులు చెప్పదలచితిని.

హోగెనకల్లునకు పోయినవారెల్లరు కావేరిలో తిరుగు పుట్లను చూచియుందురు. తమిళమున వానిని పరిసల్ అందురు. వెదురు బద్దలను గుండ్రని తట్టవలె అల్లి, పూర్వము దానిపై తోలు కప్పెడివారు. నేడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూయుచున్నారు. వెదురు తట్టను ఒంటిగా నీట విడిచిన సందులగుండ నీరు చొచ్చును. పట్టాను ఒంటిగా విడిచిన ముడుచుకొని పోవును. రెండును కలసినప్పుడే అది మనుష్యులను మోయుచున్నది.

ఇట్లు రెండు వేర్వేరు పదార్థములు తమ రూపములను పోగొట్టుకొనకయే కలసి, విడివిడిగా దేనికిని లేని ప్రయోజనమును పొందినచో దానిని సంయుక్త పదార్థము లేక కాంపోజిట్ అందురు. గోడ పెట్టుటకు మన పెద్దలు మట్టిలో గడ్డి వేసి తొక్కించుట ఇట్టిదే. గడ్డి లేని మట్టి ఎండినపుడు నెఱ్ఱెలు విచ్చును. నార చేయు పని బరువును మోయుట. దానిని చుట్టియున్న పదార్థమునకు మాతృక యని పేరు. నారలను ఒకచోట పట్టియుంచి, బరువును ఒక నారనుండి మరియొక నారకు అందించుట మాతృక పని.

పాలియెస్టరు అనగానే మీకు చొక్కాగుడ్డ జ్ఞాపకము వచ్చును. ఇచ్చట చెప్పునది ఆ వంశములోనిదే గాని వేరొకటి. ఇది తేనెవలె చిక్కని ద్రవము. గట్టిపరచు రసాయనములను కొలతగా చేర్చిన, మామూలు వేడిమియందే గడ్డకట్టి గట్టిపడును. పిమ్మట ఎంత కాచినను కరుగదు. చెట్ల నారలు సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి చెడనారంభించును గాన, అంత వేడి అక్కరలేని ఈ ద్రవము వానికి తగియున్నది. దీనిలో గాజునారను పెట్టి పడవలను, నీటితొట్లను చేయుట చిరకాలముగా నున్నది. గాజునకు మారుగా చెట్ల నారను పెట్టవచ్చునా యనుట మన ప్రశ్న.

ముందు బరువును చూతము. ఒక ఘన సెంటీమీటరు గాజునార సుమారు 2.5 గ్రాములు తూగును. కిత్తనార జాతికి చెందిన సైసల్ నార సుమారు 1.4 గ్రాములు, గట్టిపడిన పాలియెస్టరు సుమారు 1.2 గ్రాములు. పలకలో 30 పాళ్లు నార, 70 పాళ్లు పాలియెస్టరు ఘనపరిమాణముచే ఉన్నవనుకొనుడు. లోపల గాలి బుడగలు లేనియెడల సైసల్ పలక సాంద్రత 0.3 × 1.4 + 0.7 × 1.2 = 1.26. గాజు పలకకు ఇదే లెక్కన 1.59. అనగా సైసల్ పలక సుమారు ఐదవ వంతు తేలిక.

ఇక బలము. నారను లాగి తెంచుటకు కావలసిన బలమును దాని అడ్డుకోత వైశాల్యముచే భాగించిన వచ్చునది తన్యబలము. చదరపు మిల్లీమీటరునకు గాజునార 2000 న్యూటన్లకు పైగా ఓర్చును. సైసల్ సుమారు 400 నుండి 700 వరకు, కొబ్బరిపీచు సుమారు 150 నుండి 200 వరకు ఓర్చును. కొబ్బరిపీచులోని సూక్ష్మతంతువులు పీచు పొడవునకు చాల వాలుగా, మరచుట్టువలె చుట్టుకొనియుండును. కావున అది తెగుటకు ముందు మిక్కిలి సాగును. సైసల్ కొద్దిగా మాత్రమే సాగును. బరువు మోయుటకు సైసల్ మేలు. సాగి తట్టుకొనుటకు పీచు మేలు.

కాని చెట్ల నారకు పెద్ద లోపమొకటి కలదు: అది నీరు త్రాగును. నారలోని సెల్యులోజు నీటిని ఆకర్షించును. పాలియెస్టరు నీటితో పొత్తు పెట్టుకొనదు. తడిసిన నార ఉబ్బును, ఆరిన కృశించును. ఇట్లు పలుమారులు జరిగిన నారకును మాతృకకును నడుమ సందు పడును. సందు పడిన పిదప నార ఎంత బలమైనదైనను బరువు దానికి చేరదు. అందుచే నారను బాగుగ ఆరబెట్టి, పలుచని సోడియం హైడ్రాక్సైడు ద్రావణములో కడిగి, పైనున్న మైనమును తొలగింతురు. ద్రావణము ఘాటైనచో నారయే చెడును. పలకను కోసినప్పుడు బయటపడిన అంచులకు మరల పూత పూయవలెను.

ఈ విషయమున మన దక్షిణదేశమునందు చాల పని జరిగినది. 1980 దశకమున తిరువనంతపురములోని ప్రాంతీయ పరిశోధనశాలవారు కొబ్బరిపీచు, అరటినార మున్నగువానిని పాలియెస్టరుతో కలిపి పరీక్షించిరి. విజయవాడలోని వి.ఆర్. సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాలకు చెందిన పరిశోధకులు ఖర్జూరము, వెదురు మొదలగువాని నారల తన్యబలమును కొలిచి 2007లో ప్రకటించిరి. విదేశములందును ఇట్టి యత్నములు కలవు. తూర్పు జర్మనీయందు 1957లో వెలువడిన ట్రాబంట్ కారు పైతొడుగు ప్రత్తినారతో చేసినదే. దాని మాతృక పాలియెస్టరు గాదు, ఫినాల్ రెసిన్; సూత్రము మాత్రమొకటే.

నార ఉన్నది గదా యని ఇట్టి పలకను పూర్తిగా ప్రకృతిసిద్ధమని భ్రమపడరాదు. గట్టిపడిన పాలియెస్టరు మట్టిలో కుళ్లదు. కరగించి మరల పోతపోయుటకును వీలుకాదు. కావున ఒకమారు వాడి పారవేయు వస్తువులకు ఇది తగదు. ఏండ్లకొలది నిలువవలసిన వస్తువులకే తగును.

ఇంటివద్ద చేయదగిన పరీక్ష యొకటి చెప్పెదను. ఎండిన కిత్తనార 10 గ్రాములు తూచి రాత్రి నీట నానబెట్టుడు. ఉదయము గుడ్డతో అద్ది మరల తూచుడు. పెరిగిన బరువే అది త్రాగిన నీరు. కొబ్బరిపీచుతోను ఇట్లే చేసి పోల్చుడు. పచ్చి కిత్తనార మట్ట రసము దురద పుట్టించును గాన నారను పెద్దలచే తీయించుకొనుడు. పాలియెస్టరు ద్రవమును మాత్రము ముట్టరాదు. దాని ఆవిరి హానికరము; దానిని గట్టిపరచు రసాయనములను ఒకదానితో నొకటి నేరుగా కలిపిన ప్రేలుడు సంభవింపవచ్చును.

ఆ తండ్రికి నా జవాబిది. మీ కుమారుడు నారను చేతబట్టి లాగి, తూచి, తన్యబలమన నేమో తెలుగులో గ్రహించెనేని, కాలేజీలో అదే విషయమును ఇంగ్లీషున విన్నప్పుడు వానికి క్రొత్తది పేరు మాత్రమే. వస్తువును ఎరుగక పేరు మాత్రము వల్లించినవానికి ఏ భాషయు తోడ్పడదు. నేటి సాయంకాలము మీ అవ్వతాతలను అడిగి, తాళ్లు పేనుటకు వారు వాడిన నారల పేర్లన్నియు వ్రాసికొని తరగతికి తెండు.