ఇంటికెళ్లే ముందు కంప్యూటర్ ఆపాలా, వద్దా?

ఆఫీసులో పని ముగిశాక మానిటర్ బటన్ నొక్కి, సీపీయూని అలాగే వదిలేసి వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు. రోజూ ఆపి మళ్లీ వేస్తుంటే మెషీన్ తొందరగా పాడవుతుందన్న భయం ఇందుకు ఒక కారణం. ఇప్పటి కంప్యూటర్ల విషయంలో ఆ భయం అక్కర్లేదు. రాత్రికి ఆపడమే మెషీన్‌కూ, కరెంటు బిల్లుకూ మంచిది.

ముందు అరుగుదల సంగతి చూద్దాం. ఆన్ చేస్తే లోపలి భాగాలు వేడెక్కుతాయి, ఆపితే చల్లారతాయి. ఈ మార్పు వల్ల సోల్డరింగ్ అతుకుల మీద కొంత ఒత్తిడి పడే మాట నిజమే. కానీ రోజుకు ఒకటి రెండుసార్లతో ముంచుకొచ్చే నష్టం ఏమీ లేదు. డెస్క్‌టాప్ హార్డ్ డిస్కులను 50 వేలసార్లు ఆపి నడిపినా తట్టుకునేలా తయారుచేస్తారు. రోజుకు రెండుసార్లు ఆపినా అన్నిసార్లు కావడానికి 68 ఏళ్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే ఉండదు.

రాత్రంతా నడిచే మెషీన్‌లో మాత్రం ఫ్యాన్ బేరింగులు అరుగుతూ ఉంటాయి, దుమ్ము పేరుకుంటుంది. పవర్ సప్లయ్‌లోని కెపాసిటర్లు వేడికి క్రమంగా ఎండిపోతాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఇంజనీర్ల లెక్క. ఏసీ ఆపేసిన గదిలో, మే నెల రాత్రి ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

ఇక కరెంటు. ఏ పనీ చేయకుండా ఆన్‌లో ఉన్న డెస్క్‌టాప్ సుమారు 50 వాట్లు తీసుకుంటుందనుకుందాం. ఏడాదికి 250 పనిదినాలు, రోజుకు 9 గంటల పని పోగా మిగిలేవి 6,510 గంటలు. అంటే 325 యూనిట్లు. యూనిట్ 10 రూపాయల చొప్పున 3,250 రూపాయలు. 20 కంప్యూటర్లున్న ఆఫీసుకు ఇది 65 వేలు. స్క్రీన్ సేవర్ తిరుగుతున్నా ఆదా ఏమీ ఉండదు, మానిటర్ వెలుగుతూనే ఉంటుంది కదా.

అయితే ఎప్పుడు ఏం చేయాలి?

భోజనానికో, మీటింగ్‌కో వెళ్తుంటే స్లీప్‌లో పెట్టండి. అప్పుడు ఖర్చయ్యేది కొద్ది వాట్లే, తిరిగొచ్చేసరికి ఫైళ్లు తెరిచినవి తెరిచినట్టే ఉంటాయి. కానీ స్లీప్‌లో ఉండగా కరెంటు పోయి, యూపీఎస్ కూడా దిగిపోతే సేవ్ చేయని పని పోతుంది. అందుకే లేచే ముందు సేవ్ చేయడం అలవాటు చేసుకోండి.

ఇంటికెళ్తుంటే షట్‌డౌన్ చేయండి. పూర్తిగా ఆగాకే గోడ మీది స్విచ్ కట్టేయండి. ఉరుములు, మెరుపులు వచ్చే రోజుల్లో పిడుగు దెబ్బకు స్విచ్ కట్టేయడం సరిపోదు. గాలివాన మొదలవక ముందే ప్లగ్ తీసేయండి, నెట్ కేబుల్ కూడా ఊడదీయండి.

లాప్‌టాప్‌ని స్లీప్‌లోనే బ్యాగులో పెట్టేయకండి. మధ్యలో మేల్కొంటే గాలాడక బాగా వేడెక్కుతుంది. షట్‌డౌన్ గానీ హైబర్నేట్ గానీ చేసి పెట్టండి.

మెషీన్ మందగిస్తే రీస్టార్ట్ చేయండి. విండోస్ 10, 11లలో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినా సిస్టమ్ తన స్థితిలో కొంత భాగాన్ని డిస్కులో దాచుకుని మళ్లీ దాన్నే తెస్తుంది. రీస్టార్ట్ చేస్తేనే అన్నీ కొత్తగా మొదలవుతాయి.

సర్వర్లు, రాత్రి బ్యాకప్ తీసే మెషీన్లు, ఇంటి నుంచి లాగిన్ అవ్వాల్సిన కంప్యూటర్లు ఆన్‌లో ఉండాల్సిందే. అప్‌డేట్ల కోసం ఆన్‌లో ఉంచమని ఐటీ విభాగం చెబితే, ఏ రోజు ఉంచాలో అడిగి ఆ ఒక్క రాత్రే ఉంచండి.

శుక్రవారం సాయంత్రం 6 నుంచి సోమవారం ఉదయం 9 దాకా 63 గంటలు. వారంలో ఇంకేరోజు మరిచినా, శుక్రవారం మాత్రం షట్‌డౌన్ చేయకుండా సీటు వదలకండి.