బతుకమ్మ పండుగయు సేవకుల ధర్మమును

విగ్రహారాధనము నొల్లని బ్రహ్మసమాజ సేవకులు గ్రామస్త్రీల బతుకమ్మ పండుగకు తోడ్పడవచ్చునా? నల్లగొండ, మహబూబునగర ప్రాంతములలో సేవ చేయబూనిన ప్రతి యువకుని మనస్సునను ఈ సందేహము పొడముట సహజము. పోయిన సిద్ధాంతహాని యని కొందఱందురు. నలుగురితోపాటు మ్రొక్కిన నేమని మఱికొంద ఱందురు. ఈ రెండును సరికావని మా యభిప్రాయము. కారణములను క్రమముగా విచారింతము.

ముందుగా పండుగ స్వరూపము నెఱుంగవలెను. ఇది భాద్రపద బహుళ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో ఆరంభమై, తొమ్మిది దినములు సాగి, సద్దుల బతుకమ్మతో ముగియును. వానకాలపు తుదను ఈ మెట్టభూములలో తంగేడును గునుగును విత్తకయే విరివిగా పూయును. స్త్రీలు వానిని బంతి, చేమంతి, గుమ్మడి పూలతో కలిపి తాంబాళమున వరుసలుగా పేర్చి, కొనయందు పసుపు గౌరమ్మను నిలిపి, చుట్టును తిరుగుచు, చప్పట్లు చఱచుచు పాడి, తుదకు చెఱువున విడుతురు. ఇందు పురోహితుడు లేడు, పశుబలి లేదు. పాట నెత్తుకొనువారును అందుకొనువారును స్త్రీలే. పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డ తన కష్టసుఖములను పదిమంది నడుమ పాడుకొను తావిది. తెలంగాణ రాష్ట్రమేర్పడిన 2014లో ప్రభుత్వము దీనిని రాష్ట్రపు పండుగగా ప్రకటించెను.

ఇక సిద్ధాంతము. 1828లో రామమోహన రాయలవారు స్థాపించిన సమాజమునకు 1830 జనవరి 8వ తేదిన ధర్మకర్తృత్వపత్రము వ్రాయబడెను. ఉపాసనా మందిరమున విగ్రహ ముండరాదని అందెంత స్పష్టముగా నున్నదో, ఇతరు లారాధించు ఏ వస్తువును అచ్చట నిందింపరాదనియు అంత స్పష్టముగానే యున్నది. న్యాయవాదులమగు మేము ఒక పత్రమున నచ్చిన షరతును పట్టుకొని తక్కినదానిని విడుచుట కొప్పుకొనము. మ్రొక్కవలసిన పని లేదు. ఎగతాళి చేయు హక్కును లేదు. సేవకుని దారి ఈ రెంటి నడుమ నున్నది.

అయిన అసలు విచారింపవలసినది వేఱొకటి. ఆ వలయమున చేరనివా రెవరు? భర్తను కోల్పోయిన స్త్రీని శుభకార్యములకు దూరముగా నుంచు ఆచార మింకను పూర్తిగా నశింపలేదు. ఊరి బతుకమ్మ యొకచోటను, దళితవాడ బతుకమ్మ వేఱొకచోటను ఆడు గ్రామములును గలవు. పాలమూరు ప్రాంతమున జోగినులుగా విడువబడిన స్త్రీల దుస్థితి యెల్లరెఱిగినదే. ఆ దురాచారమును 1988 నాటి శాసనము నిషేధించెను. శాసనము తలుపు తెఱచునేగాని చేయి పట్టి లోనికి తోడ్కొనిరాదు. ఆ పని పొరుగువారిది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించిన వీరేశలింగము పంతులుగారు వాదముతో తృప్తిపడక, ఆ దంపతులకు అండగా నిలిచిరి. పేరులోనే బతుకుగల పండుగలో, లోకము బతుకనీయని స్త్రీకి చోటు లేకుండుట యెంత విపరీతము!

కావున సేవకులు పాటింపవలసిన విధు లివి:

1. ఊరి పెద్దమ్మలను, అక్కలను ముందుగా అడిగి, వారు చెప్పినదే చేయవలెను. వేదికయు ఉపన్యాసమును మనవి కావు.

2. చెఱువుగట్టున ముండ్లకంప తొలగించి, మెట్ల పాచి గీకి, లోతు తెలియునట్లు త్రాడు కట్టి, దీపములు పెట్టి, ఈతగాండ్రను నిలుపవలెను.

3. నల్లగొండ ప్రాంతమున పలు బోరుబావుల నీటిలో ఫ్లోరైడు అధికము. శుద్ధిచేసిన నీటినే త్రాగుట కీయవలెను.

4. గునుగుపూల కద్దు రసాయనపు రంగులు నీటిని చెఱచునని నెమ్మదిగా తెలుపవలెను. మఱునాడు గట్టుమీది ప్లాస్టిక్ చెత్తను ఎత్తివేయవలెను.

5. త్రాగి వచ్చి అల్లరిచేయువారిని దూరముగా నాపవలెను. అనుమతి లేక స్త్రీల ఛాయాచిత్రములు తీయరాదు.

6. ఎడముగా నిలిచిన సోదరీమణుల యిండ్లకు పండుగకు ముందే ఊరి స్త్రీలచేతనే పిలుపు పంపింప యత్నింపవలెను. పిలిచినను రానియెడల నిర్బంధింపరాదు. వలయముచెంత నిలిచి మందలించుట వలన ఆమెకే అవమానము కలుగును.

పని ఫలించెనో లేదో తెలిసికొనుటకు ఒక్కటే గుఱుతు. గడచిన యేడు ఊరిలో రెండు వలయములున్నచో, ఈ యేడు ఒక్కటైనదా? ఒక్క వితంతువైనను స్వహస్తముతో పూలు పేర్చెనా? అట్లైన మనము మ్రొక్కకున్నను ఈశ్వరసేవ జరిగినట్లే. ఎల్లర తండ్రియగు ఆ పరమేశ్వరుడు మన చేతులకు ఓర్పును, మాటలకు వినయమును ప్రసాదించుగాక.