పాటపై అభిప్రాయము

విద్యార్థులారా! బెంగుళూరు గాయకుడు రఘు దీక్షిత్ స్వయముగా పాటలు కట్టి పాడును. 2008లో వెలువడిన తన తొలి సంపుటమున, శిశునాళ షరీఫు (1819–1889) హుక్కా మిషతో వేదాంతము బోధించిన కన్నడ తత్వమును ఆయన గిటారుతో వినిపించెను.

పాత తత్వము యువకుల చెవికెక్కినదని సంతసించు శ్రోతలు కలరు. వాద్యఘోషలో అర్థము మరుగుపడునని శంకించువారును కలరు. మొదటివారు వరుసను వినిరి. రెండవవారు సాహిత్యమును వెదకిరి.

కావున "బాగున్నది" అనుటతో అభిప్రాయము ముగియదు. సాహిత్యము, వరుస, గానము అను మూడింటిలో దేనిని మెచ్చితిరో, ఏల మెచ్చితిరో చెప్పవలెను.

షరీఫు పాట కన్నడిగుల నోట నిలిచినందుననే ఈ వాదము పుట్టినది. తల్లిదండ్రులారా! మన వీరబ్రహ్మముగారి తత్వమొక్కటైనను ఇంట పాడి వినిపింపుడు. వినని పాటపై పిల్లలకు అభిప్రాయమెట్లు కలుగును?

అభ్యాసము: ఇంట విన్న తత్వమును గూర్చి మీ అభిప్రాయమును హేతువుతో మూడు వాక్యములలో వ్రాయుడు.