పాల బండి ఇంజను స్లోలో ఊగిసలాడుతుంటే

శీతలీకరణ కేంద్రానికి చేరవలసిన క్యాన్లు దారిలో ఆగిపోతే నష్టం బండి యజమానికే కాదు, సంఘంలో పాలు పోసిన ప్రతి సభ్యునికీ. పాలను 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరచేదాకా వాటిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతుంటాయి. బండి మొరాయించే ముందు చాలాసార్లు ఒక సూచన కనబడుతుంది. యాక్సిలరేటరు వదలగానే ఇంజను ఒకే తీరుగా తిరగక, హెచ్చుతూ తగ్గుతూ ఆగిపోతుంది. పాత రకం డీజిల్ బండ్లలో ఈ లోపాన్ని ఎలా కనిపెట్టాలో తెలుసుకుందాం.

చాలామంది వెంటనే స్లో స్క్రూ తిప్పి స్పీడు పెంచుతారు. దానితో చప్పుడు సర్దుకుంటుంది గాని లోపం పోదు; డీజిల్ ఖర్చు కూడా పెరుగుతుంది. అందుచేత స్క్రూ జోలికి పోకుండా, ముందు ఇంజనును వేడెక్కనిచ్చి, ట్యాంకు నుంచి వరుసగా చూసుకుంటూ రావాలి.

1. ట్యాంకు: మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే డీజిల్ సరిగా రాదు. మూత వదులు చేయగానే ఇంజను సర్దుకుంటే లోపం అక్కడే ఉన్నది.

2. ఫిల్టరు: అడుగున చేరిన నీటిని వదిలివేయాలి. గడువు దాటిన ఫిల్టరును మార్చాలి.

3. పైపులు: ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య పైపు పగిలినా, వాషరు అరిగినా డీజిల్ బయటకు కారకపోవచ్చు. ఇంజను తిరిగేటప్పుడు పంపు డీజిల్‌తో పాటు గాలిని కూడా లోపలికి లాగుతుంది. కనుక "ఎక్కడా కారడం లేదు" అని ఊరుకోరాదు. రబ్బరు పైపులను వంచి బీటలు చూడాలి, బిగింపులు సరిచూడాలి.

4. గాలి తీయడం: ఇంజను ఆపి, ఫిల్టరు మీది గాలి తీసే స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టాలి. బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా కొట్టి, అది వస్తుండగానే స్క్రూ బిగించాలి. రెండు రోజుల్లో మళ్లీ గాలి పట్టిందంటే మూడో అంశానికి తిరిగి వెళ్లాలి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా ఇంజను ఊగుతుంటే లోపం నాజిళ్లలోనో, పంపులోని గవర్నరులోనో ఉండవచ్చు. వీటిని మెకానిక్కుకే వదలాలి. నాజిల్ నుంచి చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. చేయి అడ్డం పెట్టరాదు. పంపు సీలు విప్పరాదు.

మరమ్మతు ఆలస్యమయ్యేటట్లుంటే ముందు క్యాన్లను వేరే బండికి ఎక్కించండి. ఇంజను సాయంత్రం దాకా ఆగుతుంది, పాలు ఆగవు.