సినిమాకు పన్ను రాయితీ: ఎవరి డబ్బు?

పొదుపు సంఘం సమావేశం అయిపోయింది. వాయిదాలు కట్టేశారు. లెక్కలు రాసే అమ్మాయి పుస్తకం మూసింది. ఆడవాళ్లు ఇంకా అరుగు మీదే కూర్చున్నారు. మాటలు సినిమాల మీదికి పోయాయి.

“మన ఊళ్లో షూటింగ్ పెడితే ఎంత బాగుండు! వంటవాళ్లకు పని. వడ్రంగికి పని. బట్టలు కుట్టేవాళ్లకు పని. ఆటోలకు కిరాయి” అంది చిన్నత్త.

“అందుకే కొన్ని ప్రభుత్వాలు సినిమా వాళ్లను పిలుస్తాయత్తా. మా దగ్గర సినిమా తీయండి, పన్నులో రాయితీ ఇస్తామంటాయి. అమెరికాలో చాలా రాష్ట్రాలు అలా పిలిచాయి. మిషిగన్ అనే రాష్ట్రం సంగతి నేను చదివాను” అంది అమ్మాయి.

“చెప్పమ్మా, విందాం” అంది పెద్దమ్మ.

కార్ల రాష్ట్రం

మిషిగన్ కార్లకు పేరున్న రాష్ట్రం. డెట్రాయిట్ నగరం అక్కడిదే. ఫోర్డ్, జనరల్ మోటార్స్ కంపెనీలు అక్కడే పెరిగాయి. ఎన్నో ఇళ్లు కార్ల ఫ్యాక్టరీల జీతాల మీదే బతికాయి. రాను రాను చాలా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. వేలమందికి పని పోయింది.

కొత్త పనులు ఎక్కడి నుంచి తేవాలి? ప్రభుత్వం ఆలోచించింది. సినిమాలను రప్పిద్దాం అనుకుంది. 2008లో చట్టం చేసింది. సినిమా కంపెనీ మిషిగన్‌లో 100 డాలర్లు ఖర్చు పెడితే, అందులో 40 నుంచి 42 డాలర్ల దాకా రాయితీ ఇస్తామంది. అమెరికాలో అప్పటికి అది చాలా పెద్ద రాయితీ.

లెక్క ఎలా?

“రాయితీ అంటే పన్ను తగ్గించడమే కదా?” అంది పెద్దమ్మ.

“అవును పెద్దమ్మా. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక కంపెనీ కట్టాల్సిన పన్ను 10 డాలర్లు అనుకోండి. దానికి వచ్చిన రాయితీ 40 డాలర్లు. పన్ను 10 పోతుంది. ఇంకా 30 మిగిలింది. ఆ 30 ఏమవుతుంది?”

“ఏమవుతుంది? పోతుంది.”

“పోదు. ఆ 30 డాలర్లు ప్రభుత్వమే కంపెనీ చేతికిస్తుంది.”

పెద్దమ్మ బుగ్గన వేలేసుకుంది. “ఓసి! అయితే అది పన్ను తగ్గించడం కాదు. ఎదురు ఇవ్వడం. ఆ డబ్బు ఎక్కడిది?”

“ప్రజలు కట్టిన పన్నులది. బడికి, రోడ్డుకు, ఆసుపత్రికి పెట్టే డబ్బు కూడా ఆ పెట్టెలోదే.”

జామీను ఉన్నవాళ్ల గతి

సినిమాలు వచ్చాయి. పాంటియాక్ అనే ఊళ్లో జనరల్ మోటార్స్ వారి పాత భవనం ఉంది. దాన్ని పెద్ద స్టూడియోగా మార్చారు. 2011లో అక్కడ డిస్నీ కంపెనీ వారి భారీ సినిమా ఒకటి తీశారు. వడ్రంగులకు, రంగులు వేసేవాళ్లకు, దర్జీలకు పని దొరికింది. అది అబద్ధం కాదు.

కానీ స్టూడియో కట్టడానికి అప్పు చేశారు. ఆ అప్పు 1 కోటి 80 లక్షల డాలర్లు. దానికి జామీను ఎవరు? రాష్ట్ర ప్రభుత్వ పింఛను నిధి. అంటే, ఉద్యోగం చేసి దిగిపోయినవాళ్ల ముసలితనానికి దాచిన డబ్బు.

2011లోనే కొత్త గవర్నరు వచ్చాడు. రాయితీలకు ఇంత ఖర్చు తగదన్నాడు. ఏడాదికి 2 కోట్ల 50 లక్షల డాలర్లు మించకుండా కట్టడి పెట్టారు. సినిమాలు తగ్గాయి. 2012లో స్టూడియో వాయిదా కట్టలేకపోయింది. జామీను ఉన్న పింఛను నిధి ఆ వాయిదా కట్టింది.

“మన సంఘంలోనూ అంతే కదా. అప్పు తీసుకున్నామె కట్టకపోతే తక్కినవాళ్లం కట్టాలి. అందుకే సంతకం పెట్టే ముందు పదిసార్లు అడుగుతాం” అంది చిన్నత్త.

2015లో మిషిగన్ ఈ రాయితీని ఆపేసింది. ఆ డబ్బు రోడ్లకు పెట్టడం మేలని చాలామంది అన్నారు.

ఇంకో రాష్ట్రం

“అయితే రాయితీ ఇవ్వడమే తప్పా?” అంది పెద్దమ్మ.

“అలా అనలేం. జార్జియా అనే రాష్ట్రం ఇంకా ఇస్తూనే ఉంది” అంది అమ్మాయి.

జార్జియాలో 100 డాలర్ల ఖర్చుకు 20 డాలర్ల రాయితీ. సినిమాలో ఆ రాష్ట్రం గుర్తు చూపిస్తే ఇంకో 10. ఆ గుర్తులో పీచ్ అనే పండు బొమ్మ ఉంటుంది. పన్ను కట్టాల్సిన పని లేని కంపెనీ తన రాయితీని వేరేవాళ్లకు అమ్ముకోవచ్చు. కొన్నవాళ్లు తమ పన్నులో దాన్ని తగ్గించుకుంటారు. అక్కడ పెద్ద పెద్ద స్టూడియోలు లేచాయి. చాలామంది ఆ పని మీద బతుకుతున్నారు.

కానీ అక్కడా లెక్క తప్పింది. 2020లో ప్రభుత్వ ఆడిటర్లు పుస్తకాలు తిరగేశారు. అర్హత లేని ఖర్చులకూ రాయితీ పోయిందని తేల్చారు. లాభాలు ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చెప్పారని రాశారు. అదే ఏడాది కొత్త చట్టం వచ్చింది. రాయితీ కావాలంటే ఆడిట్ తప్పనిసరి అయింది.

పెద్దమ్మ మాట

పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇలా అంది: “పని వస్తుందంటే ఎవరు వద్దంటారు? కానీ మూడు అడగాలి. ఇచ్చింది ఎంత? వచ్చింది ఎంత? వచ్చిన పని ఎన్నాళ్లు నిలిచింది?”

“ఇంకోటి కూడా పెద్దమ్మా. మునిగితే కట్టేది ఎవరు?”

“అదే అసలు ప్రశ్న” అంది పెద్దమ్మ.

చేతికిచ్చిన డబ్బు అందరికీ కనిపిస్తుంది. వదిలేసిన పన్ను కనిపించదు. రెండూ ప్రజల డబ్బే. రెండింటికీ లెక్క ఉండాలి. చదువు వచ్చినవాళ్లు ఆ లెక్క అడగగలరు.

ఆలోచించండి

1. ఒక కంపెనీ 1000 డాలర్లు ఖర్చు పెట్టింది. రాయితీ నూటికి 40. అయితే ఎన్ని డాలర్లు వస్తాయి?
2. ఆ కంపెనీ కట్టాల్సిన పన్ను 150 డాలర్లు. ప్రభుత్వం చేతికిచ్చేది ఎంత?
3. పాంటియాక్ స్టూడియో అప్పుకు జామీను ఎవరు? చివరికి ఏం జరిగింది?
4. మీ ఊళ్లో ఎవరికైనా పన్ను తగ్గించారా? ఎందుకు తగ్గించారో గ్రామసభలో అడిగి తెలుసుకోండి.