టాంజానియా – ఆసియా, అరబ్ దేశాలతో స్నేహం

పటంలో ఆఫ్రికా తూర్పు తీరం చూడండి. అక్కడ టాంజానియా కనిపిస్తుంది. 1964 ఏప్రిల్ 26న టాంగన్యికా, జాంజిబార్ కలిసి ఈ దేశం ఏర్పడింది. జాంజిబార్‌ను ఎంతోకాలం ఒమన్ వంశపు అరబ్ సుల్తానులు ఏలారు. 1964 జనవరి విప్లవంలో సుల్తాను పారిపోయాడు, అరబ్బులు ఎందరో చంపబడ్డారు.

అదే సంవత్సరం జాంజిబార్ యువకుడు సలీం అహ్మద్ సలీం అరబ్ దేశమైన ఈజిప్టుకు రాయబారిగా వెళ్లారు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లే! మనకు డిగ్రీ పూర్తయ్యే వయసది. తర్వాత భారతదేశంలో హైకమిషనర్‌గా, 1969లో చైనాలో రాయబారిగా పనిచేశారు.

చైనా స్నేహం టాంజానియాకు రైలు తెచ్చింది. పొరుగున ఉన్న జాంబియాకు రాగి ఉంది, సముద్రం లేదు. దాని సరుకు తెల్లవారి పాలనలోని రొడీషియా మీదుగా పోవలసి వచ్చేది. కొత్త రైలుమార్గానికి ప్రపంచ బ్యాంకు, పాశ్చాత్య దేశాలు ముందుకు రాలేదు. అప్పటికి తానూ పేద దేశమే అయిన చైనా వడ్డీలేని అప్పు ఇచ్చింది. 1970–75 మధ్య దార్ ఎస్ సలాం నుండి జాంబియాలోని కపిరి మ్పోషి వరకు 1,860 కి.మీ. పట్టాలు పడ్డాయి.

చైనా ఊరికే ఇచ్చిందనుకోకూడదు. 1971లో ఐక్యరాజ్యసమితిలో తైవాన్ స్థానం చైనాకు దక్కించిన తీర్మానాన్ని ప్రతిపాదించిన దేశాల్లో టాంజానియా ఒకటి. 1981లో సలీం ప్రధాన కార్యదర్శి పదవికి పోటీచేస్తే, ప్రత్యర్థి వాల్డ్‌హైమ్‌ను చైనా పదేపదే వీటో చేసింది. సలీంను అమెరికా వీటో చేసింది. చివరకు పదవి పెరూ దేశస్థుడికి దక్కింది.