ముందు కిందికి దిగు

కోవిల్‌పట్టి



"తాతయ్యా, పాత ట్రెజరీ భవనం చూసి వ్యాసం రాసుకు రమ్మన్నారు, అక్కడ ఏం చూడాలి?" అని మొన్న ఫోన్లో అడిగావు. అది ఫోన్లో తేలే మాట కాదు గనక కాగితం తీశాను. తమిళమైతే నా చెయ్యి ఇంకా చురుగ్గా నడిచేది. మన ఇళ్ళలో తెలుగు నోటి మీదే బతికింది కదా, అక్షరాలు నేను నలభై దాటాక కూడబలుక్కుని నేర్చుకున్నాను. నీకు మాత్రం ఐదో ఏటనే పలక మీద దిద్దించాను. ఆ దిద్దించడం ఇవాళ ఇలా అక్కరకొచ్చింది.

కిందటేడు మీ దగ్గరికి మెల్‌బోర్న్ వచ్చినప్పుడు, నువ్వు కాలేజీకి వెళ్ళిన ఒక పూట నేను ఆ భవనం చూసొచ్చాను. కాలిన్స్ వీధి ఎక్కి ఎక్కి ఎక్కడ ఆగుతుందో అక్కడ నిలబడి ఉంటుంది. వెడల్పాటి రాతి మెట్లు, పైన కమానులు. కొత్త పెళ్ళికూతుళ్ళు ఆ మెట్ల మీద ఫొటోలు దిగుతుంటారు. అందరూ మెట్లెక్కి లోపలికి పోతారు. నువ్వు మాత్రం లోపల అడుగు పెట్టగానే ముందు కిందికి దిగు. ఆ భవనం పుట్టుక నేలమాళిగలో ఉంది.

అక్కడ మందపాటి గోడలు, కమాను కప్పులు, ఇనుప తలుపులున్న గదులు కనిపిస్తాయి. బంగారం దాచడానికి కట్టినవి అవి. 1851లో విక్టోరియాలో బంగారం బయటపడింది. ఆ ఏడు అక్కడ జనం దాదాపు 77 వేలు. పదేళ్ళు తిరిగేసరికి ఐదు లక్షలు దాటారు. ఓడలు దిగిన నావికులు కూడా పలుగూ పారా పట్టుకుని గనుల దారి పట్టారు. అంత బంగారం చేతికందిన ప్రభుత్వానికి గట్టి ఖజానా కావాల్సి వచ్చింది. 1858లో మొదలుపెట్టి 1862కు పూర్తి చేశారు.

దాన్ని గీసినవాడి సంగతి నువ్వు తప్పక రాయాలి. జాన్ జేమ్స్ క్లార్క్ లివర్‌పూల్‌లో పుట్టి, బంగారం రోజుల్లోనే తల్లిదండ్రులతో ఓడెక్కి వచ్చాడు. పద్నాలుగో ఏట ప్రభుత్వ పనుల శాఖలో నకళ్ళు గీసే కుర్రాడిగా చేరాడు. ఈ భవనానికి నమూనా గీసేనాటికి వాడి వయసు పంతొమ్మిది. సరిగ్గా నీ వయసు. ఇంకా నేర్చుకుంటున్నాను కదా అని నువ్వు వెనక్కి తగ్గినప్పుడల్లా ఆ పేరు గుర్తు చేసుకో.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. ఏ ప్రభుత్వ భవనం ముందు నిలబడినా మూడు సంగతులు అడగాలి తల్లీ. డబ్బు ఎవరిది? చెమట ఎవరిది? గుమ్మం బయట నిలబడ్డదెవరు?

డబ్బు సంగతి చూడు. మొదట్లో గని తవ్వే ప్రతివాడూ నెలకు 30 షిల్లింగులు కట్టి లైసెన్సు తీసుకోవాలి. బంగారం దొరికినా దొరక్కపోయినా కట్టాల్సిందే. లైసెన్సు చూపించమని పోలీసులు గుంటల దాకా వచ్చి వెంటపడేవారు. చివరికి 1854 డిసెంబరు 3న బల్లారట్ దగ్గర యురేకాలో తిరగబడ్డ గనివాళ్ళ మీద సైనికులు తుపాకులు పేల్చారు. ఇరవై మందికి పైగా పోయారు. మరుసటి ఏడు ఆ నెలవారీ లైసెన్సు పోయింది. ఏడాదికి ఒక్క పౌనుతో తవ్వుకునే హక్కూ, దాంతోపాటే ఓటు హక్కూ వచ్చాయి. లోటు పూడ్చుకోవడానికి ఎగుమతయ్యే బంగారం మీద ఔన్సుకు రెండున్నర షిల్లింగుల సుంకం వేశారు. అంటే దొరికినవాడి దగ్గరే పన్ను. పన్నులో న్యాయం ఎక్కడుంటుందో ఆ ఒక్క మార్పు చెబుతుంది.

చెమట కూడా ఆ గనివాళ్ళదే. గుమ్మం బయటివాళ్ళ సంగతి కూడా రాయి. 1855లో ఓడ దిగే ప్రతి చైనావాడి మీదా పది పౌన్ల పన్ను వేశారు. అది తప్పించుకోవడానికి వేలమంది పక్క రాష్ట్రంలోని రోబ్ రేవులో దిగి, నాలుగు వందల కిలోమీటర్లకు పైగా నడిచి గనులు చేరారు. అంతకు ముందు మెల్‌బోర్న్ చుట్టుపట్ల నేలంతా అక్కడి ఆదివాసులైన కులిన్ జనాలది. వాళ్ళనెవరూ అడగలేదు. ఇంకొక్కటి కూడా మరిచిపోకు. 1920ల ప్రాంతంలో అదే నేలమాళిగలో కాపలాదారు తన భార్యాబిడ్డలతో కాపురముండేవాడు. బంగారం గదుల పక్కన పొయ్యి వెలిగింది, పిల్లలు ఆడుకున్నారు. నన్నడిగితే ఆ భవనంలో అన్నిటికన్నా ప్రాణమున్న చోటు అదే.

ఇదంతా పరాయి కథ అనుకోవద్దు. ఆ ఖజానా పూర్తయిన 1862లోనే మన కరిసల్ నేలకూ, అంటే ఈ నల్లమట్టి నేలకూ పూనకం వచ్చింది. అమెరికాలో అంతర్యుద్ధం మొదలై దక్షిణాది పత్తి ఇంగ్లండు మిల్లులకు అందకుండా పోయింది. తిన్నెవెల్లి పత్తి పేరుతో అమ్ముడయ్యే మన పత్తికి ధర ఆకాశాన్నంటింది. ఎడ్లబళ్ళు బారులు తీరి తూత్తుకుడి రేవు దారి పట్టాయి. పత్తిని మనవాళ్ళు తెల్ల బంగారం అనేది ఊరికే కాదు. 1865లో యుద్ధం ఆగింది, ధర కూలింది. ఆశ పడి అప్పు చేసినవాడికి అప్పు మిగిలింది. మదురై నుంచి తూత్తుకుడికి రైలు 1876లో గానీ రాలేదు. పత్తి మీద పరిశోధన చేసే ప్రభుత్వ క్షేత్రం మన కోవిల్‌పట్టిలో 1901లో వెలిసింది. అక్కడ నిజంగా పనిచేసింది నల్లమట్టీ, దాన్ని నమ్ముకున్నవాళ్ళూ.

అదే కాలంలో బాగుపడిన ప్రభుత్వ భవనం మన దగ్గర కూడా ఒకటుంది. మదురైలో తిరుమల నాయకుడి మహలు. తెలుగు మాట్లాడే నాయక వంశపు రాజు 1636లో కట్టించిన ఆ మహలులో నాలుగో వంతు మాత్రమే మిగిలింది. 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ దొర దాన్ని బాగు చేయించాడు. 1970 దాకా అందులో జిల్లా కోర్టు నడిచింది. మా నాన్న ఒక పొలం తగాదాలో సాక్షిగా విరుదునగర్‌లో రైలెక్కి అక్కడికి పోయాడు. రాజు కట్టిన స్తంభం కింద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నం మూట విప్పాడట. స్తంభం ఎంత ఎత్తో ఆయన చెప్పలేకపోయాడు. దాని సున్నపు పూత మాత్రం వీపుకు చల్లగా, నున్నగా తగిలిందని ముసలితనంలో కూడా చెప్పేవాడు. కొలతలు పుస్తకాల్లో దొరుకుతాయి, ఆ చల్లదనం ఆయన చెబితేనే నాకు తెలిసింది.

కాబట్టి ఇలా చెయ్యి. నేలమాళిగలో గోడ మీద అరచెయ్యి ఆనించు. కాపలాదారు బిడ్డలకు వెలుతురు ఎటు నుంచి వచ్చేదో చూడు. తర్వాత పైకెళ్ళు. గవర్నరు మంత్రిమండలి సంతకాలు చేసే గది అక్కడుంది, ఇప్పటికీ వాడుకలో ఉంది. అప్పట్లో కింద పోగైన డబ్బుకూ పైన పడే సంతకానికీ మధ్య ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టు. అప్పుడు కలం పట్టు. నీ వ్యాసం తెలుగులో కూడా ఒక ప్రతి రాసి నాకు పంపు.

పల్లీల కడలై మిఠాయి పొట్లం పంపుతున్నాను. వచ్చే సెలవుల్లో రా, ఇద్దరం మహలు చూద్దాం. మా నాన్న కూర్చున్న స్తంభం ఏదో తెలియదు గనక ఏదో ఒక దానికి ఆనుకుని కాసేపు కూర్చుందాం.

ఆ మెట్ల మీద నువ్వూ ఫొటో దిగు, కాదనను. కానీ ముందు కిందికి దిగు.

నీ తాతయ్య